ఎదురొచ్చిన మనిషి

నరసాపురం రేవు దాటి అరకోసు దూరం పోయిందో లేదో, జట్కా గుర్రం ఆగి వెనక్కి తిరిగి చూసింది.

“అదిగో, నన్నే చూస్తోంది!” అని చప్పట్లు కొట్టింది రామతులసి. పెళ్లయి ఇంకా వారం కాలేదు. అత్తవారింటికి ఇదే మొదటి ప్రయాణం.

“కొత్త పెళ్లికూతుర్ని చూడద్దూ మరి?” అన్నాడు పెళ్లికొడుకు.

గుర్రం నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది. ముందుకాలితో నేల గీరింది. మళ్లీ తిరిగి చూసింది.

“ఈసారి మిమ్మల్ని!”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

బండి తోలే బుల్లబ్బాయి నవ్వలేదు. దిగి, గుర్రం డొక్క మీద చెయ్యి వేశాడు. చెయ్యంతా చెమట.

“మిమ్మల్ని కాదమ్మా. దాని పొట్ట అది చూసుకుంటోంది. పొద్దున్న గడ్డి ముట్టకపోతే అలిగిందనుకున్నాను.” గుర్రం మెడ నిమిరాడు. “నాకు తల్లయినా పిల్లయినా ఈ చుక్కేనండి.”

రామతులసి నవ్వు ఆగిపోయింది.

ఆ దారి బుల్లబ్బాయికి కొత్త. చేలో నాట్లు వేస్తున్న రైతుని అడిగాడు.

“కాలవ మీద దొరలు కట్టిన లాకులున్నాయి చూడు, అక్కడ వీరాస్వామిగారిల్లు అడుగు. గుర్రాల వైద్యానికి ఆ ఇల్లే,” అన్నాడు రైతు.

“మేం దిగి నడుస్తాం,” అంది రామతులసి.

“చాల్లే! గృహప్రవేశం కాకుండా కొత్తకోడలు దారిలో కాలు దించుతుందా?” అంది బండిలో వాళ్ల వెంట వస్తున్న పెళ్లికొడుకు మేనత్త సుబ్బాయమ్మ. “తోలవయ్యా. లాకులెంత దూరం గనక.”

బుల్లబ్బాయి తోలాడు.

“ఇంకొంచెం, చుక్కా. నా తల్లివి కదూ.”

కాలవగట్టు మీద ఒకావిడ ఎదురుగా పరుగెత్తుకొచ్చింది. తెల్లచీర, బొట్టులేని నుదురు. వస్తూనే కళ్లెం పట్టుకుంది.

“బండి విప్పెయ్ బాబూ! లాగిస్తే చచ్చిపోతుంది. మెల్లిగా నడిపించు, పొర్లనివ్వకు...”

“పోయి పోయి కొత్తజంటకి ఎదురొచ్చేది నువ్వా? తప్పుకో!” అని అరిచింది సుబ్బాయమ్మ.

“ఒక్క మాట వినండమ్మా, నేను...”

“తోలవయ్యా! ముహూర్తం దాటిపోతుంది.”

ఆవిడ రెండో చెయ్యి గుర్రం నుదుటి మీద ఉన్నంతసేపు దాని వణుకు ఆగింది. రామతులసి అది చూసింది. చెబుదామనుకుంది. మేనత్త ముఖం చూసి ఊరుకుంది.

“వైద్యానికే పోతున్నామమ్మా, అడ్డు లే!” అని బుల్లబ్బాయి కొరడా విసిరాడు.

దెబ్బ ఆవిడ చేతికి తగిలింది. కళ్లెం వదిలేసింది.

లాకుల దగ్గర చుక్క కూలిపోయింది.

“వీరాస్వామిగారూ! వీరాస్వామిగారూ!”

లాకులు చూసే ఏసుపాదం వచ్చేసరికి ఆ కేక ఏడుపైపోయింది. బుల్లబ్బాయి ఒళ్లో గుర్రం తల ఉంది. దాని కన్ను కదలడం లేదు.

“ఆయన పోయి ఏడాదయిందయ్యా,” అన్నాడు ఏసుపాదం.

“మరి వైద్యం?”

“వాళ్లావిడ రత్తమ్మగారే చేస్తారు. ఆయనున్నప్పుడూ ఆవిడే.”

ఏసుపాదం కాలవ మెట్టు మీద సగం నిండిన బిందె చూపించాడు.

“ఇందాక ఇక్కణ్ణుంచే మీ గుర్రం ఆగి ఆగి రావడం చూసి, ఆ బిందె అక్కడే వదిలేసి మీకెదురు పరుగెత్తారు. కనబడలేదూ?”

రామతులసి బండి దిగి, వచ్చిన దారి వైపు చూసింది.

కాలవగట్టు మీద, దెబ్బ తగిలిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఆ తెల్లచీర ఇంకా పరుగెత్తుకుంటూ వస్తోంది.