చచ్చాక ఒక నవ్వు

"ఒక్కసారి నవ్వండమ్మా. ప్యాకప్ చెప్పేస్తాం," అన్నాడు కెమెరామన్ త్రినాథ్.

"నేను నవ్వను," అంది పుష్పలత.

బాపట్ల దగ్గర సరుగుడు తోటలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆమె అప్పుడే చచ్చి లేచింది. సినిమాలో ఆమె మంత్రగత్తె. ఊరివాళ్లు చెట్టుకు కట్టి, రాళ్లతో కొట్టి చంపుతారు. రాళ్లు థర్మోకోల్‌వే గానీ ఇసుక మాత్రం అసలుది, నోట్లోకీ చెవుల్లోకీ పోయింది. చావు సీను చేసిన ఆర్టిస్టు లేచాక కెమెరా వంక చూసి నవ్వాలి, ఆ నవ్వు తియ్యాలి. లేకపోతే ఆర్టిస్టుకు కీడని సినిమావాళ్ల నమ్మకం. లైట్లు తెచ్చే స్తోమత లేక రాత్రి సీన్లన్నీ పగలే తీస్తున్న ఆ యూనిట్ కూడా ఈ ఒక్క విషయంలో పిసినారితనం చూపించదు.

పుష్పలత మొండికేయడానికి కారణం ఉంది. కాసేపటి కిందటే డైరెక్టర్ సుధీర్ ఆమెను పక్కకు పిలిచి నీళ్లు నమిలాడు.

"పెద్దమ్మా, కథలో చిన్న మార్పండి. చచ్చిన మంత్రగత్తె పడుచుపిల్ల రూపంలో వచ్చి పగ తీర్చుకుంటుంది. ప్రొడ్యూసర్ గారు అలాగే కావాలన్నారు. లిఖిత అని, హైదరాబాదు అమ్మాయి. రేపొస్తుందండి."

"మరి నేను?"

"మీ పని ఇవాళ్టితో అయిపోయిందండి."

"ఇన్నాళ్లూ జుట్టు మొహం మీదేసి తీశావు కదా నాయనా. మొహం ఆఖర్న చూపిస్తే జనం దడుచుకుంటారన్నావు. ఆ ఆఖరే లేకపోతే ఇంక నా మొహం ఎక్కడుంటుంది?"

సుధీర్ తల వంచుకున్నాడు. అతనికీ బాధగానే ఉంది. "మీది భయపెట్టే మొహం కాదంటున్నారండి. కూర వడ్డించే మొహమంట."

పుష్పలత పెళ్లికి ముందు నుంచీ తెనాలిలో నాటకాలాడుతోంది. ఎన్ని చప్పట్లు విన్నా, తెర పడితే అంతే. తాను పోయాక కూడా తన మొహం ఒక్కచోటైనా నిలిచి ఉండాలని ఆమె ఆశ. అందుకే ఈ వయసులో నల్లటి పెట్టుడు పళ్లూ జడలు కట్టిన విగ్గూ పెట్టుకుంది. సినిమాలో కనిపిస్తున్నానని వీధి వీధంతా చెప్పుకుంది కూడా.

"మీకేమన్నా అయితే నాకు ముద్ద దిగదమ్మా," త్రినాథ్ బతిమాలాడు.

రాళ్లేసిన జనమూ కదలకుండా నిలబడ్డారు. ఊరివాళ్ల వేషానికి ఈపురుపాలెం నుంచి వచ్చిన జమలయ్య ముందుకొచ్చి, "నవ్వు తల్లీ. మొదటి రాయి నేనేశాను. నేనూ పిల్లలు గలవాణ్ణి," అన్నాడు.

వాళ్ల మొహాలు చూస్తే పుష్పలతకు జాలేసింది. సరేనని జుట్టు వెనక్కి తోసుకుని పెదవులు సాగదీసింది.

"అది నవ్వు కాదమ్మా. మనసులోంచి రావాలి."

మనసులో ఏముందో వెతుక్కుంది. చెట్టుకు కట్టించుకున్నది తను. రాళ్లు తిన్నది తను. పగ తీర్చుకునేది మాత్రం హైదరాబాదు పిల్ల. నాటకాల్లో రాణి వేషాలు చేజారాయంటే సరే, చివరికి మంత్రగత్తెకైనా తన పగ తను తీర్చుకునే యోగం లేదన్నమాట. ఆ మాట తట్టగానే ఆమెకు కిసుక్కున నవ్వొచ్చింది. వచ్చింది ఇక ఆగలేదు. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, కెమెరా వంకే చూస్తూ నవ్వింది.

హమ్మయ్య అనుకుని అందరూ సామాన్లు సర్దుకోవడంలో పడ్డారు. త్రినాథ్ మాత్రం కెమెరా ఆపడం మర్చిపోయి నిలబడ్డాడు.

సినిమా తెనాలిలో విడుదలైన రోజు పుష్పలత వెళ్లనని కూర్చుంది. రేపల్లె నుంచి ఆడపడుచు ఈశ్వరమ్మ పనిగట్టుకుని వచ్చి, మ్యాట్నీకి చెయ్యి పట్టి లాక్కుపోయింది.

"వదినా, నువ్వేదీ?"

"అదిగో, ఆ చీకట్లో నడుస్తున్నది నేనే."

"చీకటి తప్ప ఏం కనపడట్లేదు."

నిజమే. పగలు తీసి రాత్రిగా మార్చిన సీన్లు మరీ నల్లబడిపోయాయి. మంత్రగత్తె నడిచినా, కూర్చున్నా, చచ్చినా జుట్టు తప్ప ఏమీ తెలియలేదు. ఈశ్వరమ్మ తెర వంకే రెప్ప వెయ్యకుండా చూస్తూ, సీను మారినప్పుడల్లా, "ఇప్పుడైనా నీ మొహం వస్తుందా వదినా?" అని అడుగుతోంది. పుష్పలతకు ప్రాణం చచ్చిపోయింది. ఇంటికెళ్లి వీధిలోవాళ్లకు ఏం చెప్పాలో తెలియలేదు.

లిఖిత వచ్చి పగ తీర్చుకుంటుంటే హాలంతా ఈలలు, నవ్వులు. అంతా అయిపోయి తెర చీకటైంది. జనం చెప్పులు వెతుక్కుంటూ లేచారు.

అప్పుడు తెర నిండా ఒక మొహం వెలిగింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, చెంపల మీద ఇసుకతో, నల్లటి పళ్లతో, కన్నీళ్లు కారుస్తూ, సూటిగా జనంలోకి చూస్తూ నవ్వుతోంది. ఆగకుండా నవ్వుతోంది. లేచినవాళ్లు లేచినట్టే బిగుసుకుపోయారు. వెనక ఎవరో కెవ్వుమన్నారు. ఇంతసేపూ ఈలలేసిన కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు.

పుష్పలత ఒళ్లు ఝల్లుమంది. పక్కనున్న ఈశ్వరమ్మను కుదిపేసింది.

"ఈశ్వరీ, చూడవే. నా మొహమేనే."

ఈశ్వరమ్మ రెండు చేతులతో ఆమెను వాటేసుకుని, భుజంలో తల దాచేసుకుంది.

"నా వల్ల కాదు వదినా. అది పోయాక చెప్పు, కళ్లు తెరుస్తాను."