కాలువ గట్టు పొలం

"సంతకం ఎక్కడ పెట్టాలో నువ్వే చూపించరా. కళ్ళజోడు పగిలినప్పటినుంచీ నాకు అక్షరాలన్నీ చీమల బారులే," అంది అక్క, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంటూ.

మాస్టారు కాగితం ఆమె ముందుకు జరిపాడు. కళ్ళజోడు పగిలిందని నిన్న ఫోన్లో విన్నాకే అతనికి ఈ ఆలోచన వచ్చింది.

నాన్న వదిలిపోయిన రెండెకరాలు ఇద్దరి పేరునా ఉన్నాయి. దున్నేదీ, తడిపేదీ, కోసేదీ అక్క ఒక్కతే. సాగుచేసేవాళ్ళకి ప్రభుత్వమిచ్చే సబ్సిడీ మాత్రం మూడేళ్ళుగా తమ్ముడైన మాస్టారి ఖాతాలో పడుతోంది. సాగు తనదేనని రాసిచ్చాడు మరి. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేశాడు. ఇవాళే విచారణ. సాగు తమ్ముడిదేనని అక్క సంతకం చేస్తే గండం గడుస్తుంది. లేదంటే బడిలో ఉద్యోగం ఊడుతుంది.

అక్కే చెబుతున్నట్టుగా ఆ వాంగ్మూలం మాస్టారే పొద్దున కూర్చుని రాశాడు. పొలం కొలత, సర్వే నంబరు, హద్దు: తూర్పున కాలువ గట్టు. పొలం వైపు వెళ్ళి పదేళ్ళయితే మాత్రం, చిన్నప్పుడు ఈతలు కొట్టిన కాలువని మరిచిపోతాడా?

"ఇంతకీ ఏం రాశావురా ఇందులో?"

"సాగు నీదేనని. ఇకమీదట సబ్సిడీ నీకే ఇమ్మని."

"నిజంగానా! చదువు, వింటాను."

మాస్టారు కాగితం ఎత్తి పట్టుకుని, అందులో లేనిదంతా చదివాడు. పాతికేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెప్పిన గొంతు రెండుచోట్ల తడబడింది.

"ఇంకోసారి చదవరా. వినసొంపుగా ఉంది."

మళ్ళీ చదివాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏమిట్రా ఆ చెమట, తేలు కుట్టిన దొంగలాగా?" అక్క నవ్వింది.

"ఉక్కగా ఉందక్కా."

"ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఉక్క! నాతో కలుపు తీయడానికి రా, తెలుస్తుంది. పొద్దు వాలే వేళ కాలువ నీళ్ళ మీంచి ఎండ సూటిగా కళ్ళల్లో గుచ్చుతుంది." పెన్ను అందుకుంది. "విత్తనాలకి ఈసారీ చేబదులే తెచ్చాను. సరేగానీ, నాతో చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?"

ఉంది. నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో వరండాలో ఫోను మోగింది.

"ఇక్కడ పెట్టు," అని అక్క వేలు పట్టుకుని చోటు చూపించాడు. పొలం పనితో ఆ వేలు గరుకుతేలి ఉంది. గభాలున వదిలేసి వరండాలోకి పరిగెత్తాడు.

విచారణ అధికారి. పదకొండుకల్లా రమ్మన్నాడు.

తిరిగొచ్చేసరికి కాగితం నాలుగు మడతలతో బల్లమీద ఉంది. అక్క చెప్పులేసుకుంటోంది.

"తడుముకుంటూ పెట్టాను. బాగా లేకపోతే ఏమనుకోకు. జాగ్రత్తగా వెళ్ళిరా."

ఆ మడత విప్పి చూసే ధైర్యం మాస్టారికి దారిపొడుగునా రాలేదు.

అధికారి కాగితం చదివి, సర్వే పటం పక్కన పెట్టుకున్నాడు.

"వివరాలు రాసింది మీరేనా మాస్టారూ?"

"నేనేనండి."

"పొలం మొహం చూడకుండా సబ్సిడీ మింగేవాళ్ళని ఎలా పట్టుకుంటానో తెలుసా? హద్దులు చూస్తాను. పొద్దుట్నించి ముగ్గురు దొరికారు." పటం మీద వేలు ఆనించాడు. "ఇదిగో మీ పొలం. కాలువ ఉన్నది పొలానికి పడమర."

మాస్టారు పటం మీదికి వంగాడు. తను రాసింది తూర్పు.

అధికారి ఠప్పున ముద్ర గుద్దాడు.

"సరిగ్గా ఉంది. కొట్టివేత పక్కన చిన్న సంతకం చేసి వెళ్ళండి."

"కొట్టివేతా?"

అధికారి కాగితం అతనివైపు తిప్పాడు.

'తూర్పున' కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'పడమర' అని దిద్దింది అక్క.