రెండో బల్ల గ్లాసులు

గ్లాసు అడుగున, పువ్వు కాడ పక్కన, నీలం రంగు బొటనవేలి ముద్ర.

ఇరవై ఏళ్లు నేను తుడిచింది దాన్నే.

మా కార్ఖానాలో గాజు గ్లాసుల మీద పువ్వులు అచ్చు వేస్తారు. రెండో బల్ల దగ్గర మా ఆయన. పువ్వు అచ్చున్న జాలీ చట్రం కింద గ్లాసు తిప్పి, రంగు లాగి, పచ్చిగా ఉండగానే ఎత్తి బెల్టు మీద పెట్టేవారు. ఆ బెల్టు ఫర్నేస్‌లోకి పోతుంది.

మధ్యలో నా స్టూలు.

ఫర్నేస్‌కి ఇవతల ఉన్నంతసేపూ రంగు గుడ్డకి వచ్చేస్తుంది. అవతలికి వెళ్లిందంటే గాజులో కలిసిపోతుంది. గ్లాసు పగిలేదాకా పోదు.

ఆయన వేళ్లకి ఎప్పుడూ రంగే. బొటనవేలికి అడ్డంగా పాత గాజు కోత ఒకటి ఉండేది. ముద్రలో ఆ గీత ఉన్నచోట రంగు పడేది కాదు.

"మీ వేలు ఆనకపోతే గ్లాసులో నీళ్లు నిలవవా?" అనేదాన్ని.

"హాజరు పుస్తకంలో నువ్వు వేలిముద్ర వేస్తే చెల్లుతుంది. గ్లాసు మీద నేను వేస్తే చెల్లదా?"

అప్పటికి నాకు సంతకం రాదు.

"ఒక్కటి వదిలెయ్యవే," అనేవారు. "ఎవరింట్లోనో అలమరలో హాయిగా కూర్చుంటాను."

"మీరు కూర్చుంటారు. సూపర్‌వైజర్ నా తాట తీస్తాడు."

తుడిచేసేదాన్ని.

ఆయన పోయి ఏడు నెలలైంది.

మొన్న సోమవారం నలభై పెట్టెలు తిరిగొచ్చాయి. నీలం మరీ ముదురుగా ఉందని కొన్నవాళ్లు వెనక్కి పంపారట. గోడవారగా పేర్చారు.

పెట్టె మీద ఏం రాసుందో ఇదివరకు ఆయన్నే అడిగేదాన్ని. ఇప్పుడు నేనే వంగి, కూడబలుక్కుని చదివాను.

తేదీ చూస్తే, ఆయన పనికి వచ్చిన చివరి వారం.

బల్ల: రెండు.

సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. "వాటిని ఇంకోచోటికి పంపేముందు మళ్లీ చూడాలిగా సార్. నేను చూస్తాను."

"అన్నీ నువ్వు చూసినవేగా అమ్మా. మళ్లీ ఏం చూస్తావు?"

"కన్నన్నాక ఎప్పుడైనా తప్పదా సార్?"

అతను నవ్వాడు. "నీ కన్నే! సరే, నీ ఇష్టం. చెడినవి ఉంటే పగలగొట్టే డబ్బాలో వెయ్యి."

సరేనన్నాను.

మర్నాడు ఇంటి నుంచి ఆయన పాత తువ్వాలు తెచ్చి, మడిచి సంచి అడుగున పెట్టుకున్నాను.

పెట్టెకి ఇరవై నాలుగు. ఒక్కో గ్లాసూ కిటికీ వెలుగుకి ఎత్తి, చుట్టూ తిప్పి చూశాను. ముందు కాడ పక్కన. ఆ తర్వాతే మిగతాచోట.

మంగళవారం ఇరవై రెండు పెట్టెలయ్యాయి.

భోజనాల వేళ పొడుగు వదిన వచ్చి పక్కన నిలబడింది. ఫర్నేస్ అవతల గ్లాసులు అందుకుని పెట్టెల్లో సర్దే పని ఆవిడది.

"ఏంటి వదినా, అలా తిప్పి తిప్పి చూస్తున్నావు? పెళ్లిచూపులా?"

"నచ్చింది ఇంకా దొరకలేదు," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి, క్యారేజీ పట్టుకుని వాళ్లాయన దగ్గరికి వెళ్లింది. రెండో బల్ల ఇప్పుడు ఆయనది.

ఇద్దరికీ ఒకటే క్యారేజీ.

బుధవారం, ముప్ఫై ఆరో పెట్టెలో కనపడింది.

కాడ పక్కనే. మసగ్గా, నీలంగా, గుండ్రంగా.

నా చెయ్యి ఆగలేదు. గుడ్డ పెట్టి ఒక్క రుద్దు రుద్దింది.

పోయింది.

కాలిన రంగైతే పోదు. అట్టపెట్టె దుమ్మేదో, పువ్వు పక్కన ఉండి అలా కనపడింది.

మిగిలిన నాలుగు పెట్టెలూ చూశాను.

సాయంత్రం సూపర్‌వైజర్ అందర్నీ పిలిచాడు. "తొమ్మిదొందల అరవై గ్లాసులు. ఒక్కటంటే ఒక్కటి చెడింది లేదు! పనంటే ఇదీ. నీ చేతికి దండం పెట్టాలమ్మా."

చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి మంచినీళ్లు తాగాను, స్టీలు గ్లాసుతో. మా ఇంట్లో అన్నీ స్టీలువే. గాజువి పగులుతాయని ఆయన్ని నేనే తేనిచ్చేదాన్ని కాదు.

సంచిలోంచి తువ్వాలు తీయలేదు.

గురువారం మళ్లీ నా స్టూలు మీద కూర్చున్నాను.

పొడుగు వదిన మొగుడు పనిమంతుడు. పొద్దుటినుంచీ గ్లాసులు కడిగిన ముత్యాల్లా వస్తున్నాయి.

పదకొండు దాటాక ఒకటి వచ్చింది. అడుగున, నీలంగా, తడితడిగా బొటనవేలి ముద్ర. కోత లేదు. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

రంగు కరిగించే థిన్నర్‌లో గుడ్డ ముంచాను. పిండాను.

గ్లాసు నన్ను దాటి వెళ్లిపోయింది.

గంట తర్వాత ఫర్నేస్ అవతల నుంచి వదిన కేక.

"ఇదిగో వదినా, ఇన్నేళ్లకి నీ కన్ను తప్పింది! మా ఆయన వేలు పడింది దీని మీద. డబ్బాలో వేసేస్తున్నా!"

లేచి, సంచి పట్టుకుని అటు వెళ్లాను. గ్లాసు ఇంకా గోరువెచ్చగా ఉంది.

"వెయ్యకు. ఇంటికి తీసుకెళ్లు."

"చెడిపోయిన గ్లాసు నాకెందుకు?"

సంచిలోంచి తువ్వాలు తీశాను. గ్లాసు చుట్టి ఆవిడ చేతిలో పెట్టాను.

"పగలనివ్వకు," అన్నాను.