ఫ్రిజ్ చెప్పిన సాక్ష్యం

గౌరునాయుడు, అతని భార్య పనికి పోతూ కూతురు చిన్మయిని వంటింటి యంత్రాలకు అప్పగించి వెళ్లేవారు. అది తెలిసి పిల్లల సంక్షేమ అధికారులు పాపను హోంలో చేర్చారు. పాప పోషణకు తల్లిదండ్రులు నెలనెలా ఎంత కట్టాలో తేల్చడానికి విజయనగరం కోర్టులో జడ్జీగా ఉన్న యంత్రం నాయుడిని పిలిచింది.

"నాకేటీ నేదు బాబూ. గంజి తాగి బతుకుతున్నాం," అన్నాడు నాయుడు.

యంత్రం అతని ఇంట్లోని ఫ్రిజ్‌ను తెర మీదకు పిలిచి సాక్ష్యం అడిగింది. ఆ ఫ్రిజ్ మాటలు నేర్చింది నాయుడి దగ్గరే.

"అబద్దం బాబూ. నిన్ననే రొయ్యలు తెచ్చినాడు."

కోర్టంతా నవ్వింది. నాయుడి ముఖం మాడిపోయింది.

"అవి ఎవరు తిన్నారు?" అని అడిగింది యంత్రం.

"ఎవులూ తిన్నేదు. పాపకిష్టమని రోజూ వండుతాడు. వండినాక పాప నేదని గుర్తొచ్చి నాలో పెట్టేత్తాడు. నాకు సోటు సాల్డం నేదు బాబూ!"

నాయుడు తల దించుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"కట్టాల్సిన డబ్బు సగానికి తగ్గిస్తున్నాం. మిగతా సగానికి బదులు రోజూ సాయంత్రం మీరే హోంకు వెళ్లి పాపకు అన్నం తినిపించాలి," అని యంత్రం తీర్పు చెప్పింది.

"ఎప్పట్నుంచి బాబూ?" అని అడిగాడు నాయుడు.

జవాబు వచ్చేసరికి అతను కోర్టు గేటు దాటేశాడు.