నొప్పి లేని కాలు

“నొస్తలేదవ్వా,” అంది ఋతుజ నవ్వుతూ.

నీలం నగర్‌లో బీడీలు చుట్టే లసుంబాయి కూతురు ఆమె. ఎనిమిదేళ్ళది. నిన్న వంకర కాలికి ఆపరేషన్ చేసి పిండికట్టు వేశారు. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి నొప్పి తెలియకుండా మందు ఎక్కిస్తున్నారు. పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదని వార్డంతా మెచ్చుకుంది.

లసుంబాయి మాత్రం పిల్ల పాదాలు తడిమి ఉలిక్కిపడింది. కట్టులోంచి కనిపిస్తున్న వేళ్ళు ఉబ్బి, నీలంగా, చల్లగా ఉన్నాయి.

“మందుకు మొద్దుబారాయి, అంతే,” అంది నర్సు.

“మొద్దు రెండు కాళ్ళకు ఉన్నది గద సిస్టర్! గా కాలు ఎచ్చగున్నది. గిదొక్కటే ఎందుకు సల్లబడ్డది?”

“నువ్వేమైనా డాక్టర్‌వా?”

“కాదు. ” ఆత్రంలో మరాఠీలోకి దిగింది. “డాక్టర్‌లా బోలవా! డాక్టర్‌ను పిలువు! ఆయన వచ్చేదాక నిన్ను గీడికెల్లి కదలనియ్య.”

తలుపుకు అడ్డంగా నిలబడింది. నర్సు ఫోన్ చేయక తప్పలేదు.

డాక్టర్ వచ్చి కట్టు కోయించాడు. పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది. లోపలి వాపుకు కండకు రక్తం అందడం లేదు. “మందు లేకుంటే ఈ నొప్పికి పిల్ల ఎప్పుడో అరిచేది,” అంటూ వెంటనే మళ్ళీ ఆపరేషన్‌కు తీసుకెళ్ళాడు.

సాయంత్రానికి వేళ్ళు వెచ్చబడ్డాయి. వెన్నులో మందు ఆపేసరికి ఋతుజ వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది.

“ఊరుకోబెట్టమ్మా,” అన్నారు ఎవరో.

“ఏడ్వనియ్యుండ్రి,” అంది లసుంబాయి, కళ్ళు తుడుచుకుంటూ. “సచ్చిన కాలైతే నొయ్యదు గద!”