పులిగా మార్చే కుర్చీ

"నుమాయిష్ అయ్యేలోపు జనం రాకుంటే ఈ డబ్బాలన్నీ పాతసామాన్ల కబాడీకే. ముందే చెప్తున్నా" అంది రజని.

ఆమె భర్త రాజేందర్ ఒక డబ్బాను ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

ఆ డబ్బాలంటే అతనికి ప్రాణం. అబిడ్స్‌లో పాత వీడియో క్యాసెట్లను ఫోన్లలోకి ఎక్కించే దుకాణం అతనిది. ఎక్కడ పాతకాలపు ఇంటి కంప్యూటర్ కనిపించినా కొనేస్తాడు. మంచం కింద చోటు అయిపోయి, ఇప్పుడవి మంచం మీదికి కూడా వచ్చేశాయి.

వాటిలో మంచిదొకటి తెచ్చి నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టాడు. కుర్చీలో కూర్చుంటే చాలు. కెమెరా ముఖాన్ని పట్టుకుంటుంది. టీవీ తెర మీద ఆ ముఖం మెల్లమెల్లగా పులి ముఖమైపోతుంది. ఆ వీడియోను రజని అక్కడికక్కడే ఫోన్‌కు పంపుతుంది.

జనం చూసి, "గిది మా ఫోన్ల గూడ అయితది" అంటూ మిర్చి బజ్జీల వైపు పోయేవారు.

"లాప్‌టాప్‌ను పాత కంప్యూటర్ లెక్క నడిపించే ఎమ్యులేటర్ ఉన్నది గదా, అండ్ల పెట్టరాదు? జల్దీ అయిపోతది" అంది రజని.

"అసలు మిషిన్ల చూస్తేనే మజా" అన్నాడు రాజేందర్.

మజా చూసేవాడే లేడు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. తెల్లటి మీసాలు, మెడకు మఫ్లర్.

"నన్ను జర పులిని చెయ్యి బిడ్డా" అంటూ కూర్చున్నాడు.

తెర మీద ముందు మీసాలు సాగాయి. చెవులు పైకి జరిగాయి. ముక్కు వెడల్పయింది. సగం తాత, సగం పులి అయ్యేసరికి ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మామూలు నవ్వు కాదు. జెయింట్ వీల్ క్యూలో నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు.

"ఏందది? ఏందది?" అంటూ జనం మూగారు.

"ఫోన్ల అయితే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతది. గీడ పులి నడుసుకుంట వస్తది. చూడున్రి!" అన్నాడాయన.

ఆ సాయంత్రం కుర్చీ ఖాళీ కాలేదు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. రోజూ అదే నవ్వు, మొదటిసారి చూసినట్టే. రజని కబాడీ మాట మరిచిపోయింది. "ఇంకో డబ్బా కొందామా?" అని కూడా అడిగింది.

గిరాకీ పెరిగేసరికి రాజేందర్‌కు కళ్లు నెత్తికెక్కాయి.

"తాతా, రోజు నువ్వే కూసుంటే మిగిలినోళ్లు ఎప్పుడు కూసుంటరు? నీకేం పని లేదా? రేపటిసంది రాకు."

ముసలాయన ముఖం చిన్నబోయింది. వెంటనే నవ్వేశాడు.

"ఔ బిడ్డా, నాకేం పని లేదు. నీ గిరాకీ మంచిగున్నది, గది చాలు" అంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు తెర మీద పులి వచ్చింది గానీ స్టాల్‌లో నవ్వు రాలేదు. జనం ఒక చూపు చూసి సాగిపోయారు.

"పెద్దమనిషిని గట్ల అంటరా ఎవరన్నా?" అని చివాట్లు పెట్టి, రజని ఆయన్ని వెతకడానికి బయల్దేరింది.

రాజేందర్ చేసేదిలేక తానే కుర్చీలో కూర్చున్నాడు. సగం పులి అయ్యాక సిగ్గు విడిచి నవ్వాడు. మొదట దగ్గులా వచ్చింది. తన ముఖం చూసుకున్నకొద్దీ నిజంగానే నవ్వాగలేదు. ఒక చిన్నపిల్ల ఆగింది. వాళ్లమ్మ ఆగింది. కాసేపటికి స్టాల్ ముందు వరుస కట్టారు.

అతనికి పట్టరాని సంతోషం. తాత రాగానే చేతులు పట్టుకుని మాఫీ అడగాలి, మొదటి వంతు రోజూ ఆయనకే ఇవ్వాలి అనుకున్నాడు.

రజని ఒక్కతే తిరిగొచ్చింది.

"దొరికిండా?"

"లేదు. పేరు బిచ్చయ్యట. పొద్దుగాల్నే సామాను బండికెక్కించుకొని పోయిండట. బజ్జీల బుజ్జమ్మ చెప్పింది."

"సామానా? ఏం సామాను?"

"అద్దాలు. మనుషులను పొట్టిగ, పొడుగ్గ చూపిస్తయి సూడు, గవి. ఏటేటా వాటి ముంగట ముందుగాల ఆయనే నిలబడి నవ్వేటోడట, గా నవ్వు ఇని జనం వచ్చేటోళ్లట."

రాజేందర్ తెర దగ్గర్నుంచి ఆమె వైపు తిరిగాడు.

"మన వెనక వరుసల నవ్వుల అద్దాల డేరా ఆయనదేనట," అంది రజని మెల్లగా, "మనం వచ్చినంక గక్కడికి ఎవ్వరూ పోలేదట."