సవతమ్మ బిళ్ళ

"తల్లీ, జర మంచినీళ్లు పోస్తవా?"

రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న పూలమ్మ తలెత్తింది. గడప బయట ఎవరో ఆడమనిషి. మాసిన చీర, బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చ.

చెంబు తెచ్చేలోపు ఆమె వంగి లోపలికొచ్చి కూర్చుంది. ఆ పొట్టి ద్వారబంధానికి తల కొట్టుకోని కొత్త మనిషిని పూలమ్మ అంతవరకు చూడలేదు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. యుద్ధం పుణ్యమా అని నూలు కూడా కంట్రోలు సరుకే అయింది. మగడు సారయ్య, అత్త రాజవ్వ పొద్దున్నే లైన్లో నిలబడడానికి పోయారు.

నీళ్లు తాగుతూ ఆమె పూలమ్మ కడుపు వైపే చూసింది.

"నెలలు నిండినయా?"

"నిండినయ్."

"బిడ్డ మెసులుతాందా?"

పూలమ్మ చేయి రాట్నం మీద ఆగిపోయింది. వాడలో మగ్గాలు మొదలైతే చాలు, లోపల బిడ్డ తన్నేది. ఈ పొద్దు మగ్గాలన్నీ ఆడుతున్నాయి, బిడ్డ ఊరకుంది.

"నిన్నటి సంది తక్కువైంది. లోపల జాగ ఇరుకైంది, యాడ మెసులుతది అన్నది మా అత్త."

"నాకు గూడ గదే చెప్పిండ్రు. నేను నమ్మిన." ఆమె చెంబు కింద పెట్టింది. "నువ్వు నమ్మకు బిడ్డా. హనుమకొండ దవాఖానల డాక్టరు దొరసాని ఉన్నది. కడుపు మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె చప్పుడు ఇంటది. ఇప్పుడే పోదాం లే, నేనొస్త."

"నీ బిడ్డేమైంది?"

"సచ్చే పుట్టింది."

బిడ్డను పోగొట్టుకున్నది నిండు చూలాలి ఎదుట కూర్చోవడమే అశుభం. పైగా ఈ మాటలు! పూలమ్మ చప్పున కడుపు మీద కొంగు కప్పుకుంది.

"నీ నోట్ల మన్నువడ! నా బిడ్డను సూసుకునేటందుకు మా సవతమ్మ ఉన్నది. నువ్వు పో."

మెడలోని వెండి బిళ్ళను కళ్లకద్దుకుంది. సారయ్యకు ఇది రెండో పెళ్లి. మొదటి భార్య జ్వరమొచ్చి పోయిందన్నారు. పోయిన సవతి పేరున రెండో భార్య బిళ్ళ కట్టుకోవాలి, లేకుంటే ఆమె చూపు కడుపు మీద పడుతుందని భయం. పూలమ్మ రోజూ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తన బిడ్డను సల్లగా చూడమని మొక్కుకునేది.

వచ్చినామె ఆ బిళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"మొక్కుతవా దానికి?"

"రోజు మొక్కుత."

"గట్లయితే సవతమ్మనే చెప్పిందనుకో. లే బిడ్డా, పోదాం."

పూలమ్మ చీపురు అందుకుంది.

ఆమె లేచింది. ద్వారబంధం కింద తల వంచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం సంగతి విని రాజవ్వ అడిగింది.

"ఎట్లుండె ఆమె?"

"బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చ."

రాజవ్వ ముఖం మాడిపోయింది. ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

"అత్తా, ఒక్కసారి దవాఖానకు పోయొస్తే..."

"ఎవతో తోవన పోయేది చెప్తే పోతవా? ఫికర్ జెయ్యకు. సవతమ్మకు దండం పెట్టి పండుకో."

పూలమ్మ దండం పెట్టి పడుకుంది.

మూడోనాడు కాన్పయింది. మగబిడ్డ. నిండుగా, ముద్దుగా ఉన్నాడు. ఏడవలేదు.

"మొన్నటిదాక పానం ఉన్నట్టే ఉన్నది," అంది మంత్రసాని.

బాలింత ఒంటికి నీళ్లయినా పోయకముందే, రాజవ్వ కొడుకును వాకిట్లోకి పిలిచి ఇంకో సంబంధం మాటెత్తింది. లోపలికి అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

పూలమ్మ వెండి బిళ్ళను తెంపి విసిరికొట్టింది.

"రోజు మొక్కితిని గదనే! ఒక్కనాడన్న వస్తివా?"

పొరుగింటి సోమక్క ఆ బిళ్ళను ఏరి ఆమె గుప్పిట్లో పెట్టింది. వాకిలి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"గట్లనకు బిడ్డా. సచ్చిన పిల్లను కన్నదని నీ సవతిని మీ అత్త ఎల్లగొట్టి, సచ్చిపోయిందని మీ నాయినకు చెప్పింది. మొన్న నీ గడపల కూసోని నీళ్లు తాగింది ఆమెనే."